చాప మీద ఎంతమంది?

(గోదావరి ఒడ్డున ఉన్న ఒక మండల కేంద్రంలో సర్పంచులు, బడి కమిటీ తల్లులు, అంగన్‌వాడీ టీచర్ల సమావేశంలో ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సర్పంచులు, వార్డు మెంబర్లు, తల్లులు, మా అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు ఇట్లా ఒక్కచోట కూర్చోవడం నా సర్వీసులో చాలా తక్కువసార్లు చూశాను. అందుకే ఎప్పటినుంచో మనసులో ఉన్న మాట ఇవాళ చెప్పేస్తాను.

సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు నా సెక్టారులో 25 కేంద్రాలు ఉండేవి. ఒక రోజు పొద్దున పదిన్నరకి ముందు చెప్పకుండా ఒక కేంద్రానికి వెళ్ళాను. రిజిస్టరు తీస్తే మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు 31 మంది ఉన్నారు. ముందు రోజు హాజరు 27. తలెత్తి చాప మీద చూస్తే 11 మంది. కోపం వచ్చింది. మెమో రాద్దామని సంచీలోంచి పెన్ను కూడా తీశాను. టీచరమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆయమ్మే గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది: "ఆటోల పోయిండ్రు మేడం. గుడ్డు టైముకి వస్తరు."

మిగతా పిల్లలు పక్క ఊరి ప్రైవేటు నర్సరీకి పోతున్నారు. మధ్యాహ్నం ఆటో దిగాక ఇక్కడికి వచ్చి అన్నం, గుడ్డు తినిపోతారు. కొందరికి తల్లులే వచ్చి గుడ్డు తీసుకెళ్తారు. అంటే రిజిస్టరులో రాసింది పూర్తిగా అబద్ధం కాదు. పిల్ల తిన్నది, టిక్కు పడింది. కానీ ఆ పిల్ల పాట ఇక్కడ పాడలేదు, బొమ్మ ఇక్కడ గీయలేదు. ఆ రోజు నేను మెమో రాయలేదు. రాసి ఉంటే ఎవరికి రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పటినుంచి ఏ కేంద్రానికి వెళ్ళినా "ఎంతమంది నమోదయ్యారు" అని అడగడం మానేసి, చాప మీద తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మీకూ అదే చెప్తున్నాను.

అంగన్‌వాడీల్ని నడిపే ఈ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. 2025 అక్టోబరుకి యాభై ఏళ్ళు నిండాయి. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. తెలంగాణలో 35,700, ఆంధ్రప్రదేశ్‌లో 55,607. పథకం ఇంతగా పెరిగింది ప్రభుత్వాలు తమంతట తామే పెంచితే కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఏళ్ళ తరబడి వెంటపడితే పెరిగింది. 2004లో దళిత వాడలకి, గిరిజన గూడేలకి ముందు కేంద్రాలు పెట్టమంది. 2006 డిసెంబరులో ఇంకో మెట్టు ఎక్కింది. ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం ఏదైనా ఉంటే, అక్కడివాళ్ళు అడిగిన మూడు నెలల్లో పెట్టి తీరాలంది. ఈ సంగతి తెలిసిన సర్పంచులు ఎంతమంది? చేతులెత్తండి. ఇద్దరు. సరే, ఇవాళ్టి నుంచి అందరికీ తెలిసినట్టే.

మన ఊరి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఎనిమిది వందల జనాభాకి ఒక కేంద్రం అనుకోండి. వెయ్యి మందికి ఏడాదికి 16 కాన్పుల చొప్పున వేసుకుంటే, 800 మందిలో ఏటా 13 మంది పిల్లలు పుడతారు. మూడు నుంచి ఆరు అంటే మూడేళ్ళ పిల్లలు కాబట్టి 39 మంది. ఈ 39 మంది పొద్దున పదింటికి ఎక్కడున్నారు? మీ ఊరికి సంబంధించి ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉంటే, మిగతా విషయాలన్నీ ఆ జవాబులోంచే వస్తాయి.

నేను చూసినంతవరకు మూడేళ్ళ పిల్లలు చాలామంది మన దగ్గరే ఉంటారు. ఇంటి పక్కనే, తల్లికి కనపడేంత దూరంలో ఉంటారు కాబట్టి. నాలుగో ఏడు రాగానే ఆటో వస్తుంది. టై, బెల్టు, డైరీ, ఏబీసీడీలు. తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కూలికి పోయి కూడా నెలకి ఫీజు కడుతున్నారంటే బిడ్డ మీద ఎంత ఆశ ఉండాలి! నర్సరీలో పిల్ల ఏదో రాసుకొస్తుంది, రాసింది ఇంట్లో చూపిస్తుంది. మన కేంద్రంలో ఏం నేర్చుకుందో ఇంట్లోవాళ్ళకి కనపడదు. నాలుగేళ్ళ పిల్ల చేత గంటసేపు అక్షరాలు దిద్దించడం మంచిది కాదని, ఆ వయసు ఆటతో, పాటతో, కథతో నేర్చుకునే వయసని మా ట్రైనింగులన్నీ చెప్తాయి. నిజమే. కానీ ఆ ఆట, ఆ పాట మన దగ్గర జరుగుతోందా అని తల్లి అడిగితే, మనం నేలచూపులు చూడాల్సి వస్తోంది.

ఆటో ఎక్కేది ఎవరు, చాప మీద మిగిలేది ఎవరు అన్నది ఇంకో సంగతి. ఒకే ఇంట్లో అన్న ఆటోలో పోతాడు, చెల్లెలు అంగన్‌వాడీకి వస్తుంది. ఇది నేను ఎన్ని ఇళ్ళలో చూశానో లెక్కలేదు. 2019లో అసర్ సర్వేవాళ్ళు 24 రాష్ట్రాల్లోని 26 జిల్లాల్లో ప్రత్యేకంగా చిన్నపిల్లల మీదే సర్వే చేశారు. నాలుగైదేళ్ళ ఆడపిల్లల్లో ప్రభుత్వ కేంద్రాలకి, బళ్ళకి వెళ్ళేవాళ్ళు సుమారు 57 శాతం, మగపిల్లల్లో సుమారు 50 శాతం. అయిదేళ్ళు కూడా నిండకముందే ఆడపిల్ల ఫీజు లేని చోటికి, మగపిల్లాడు ఫీజు ఉన్న చోటికి చేరుతున్నారు. ఆడపిల్ల చదువు దగ్గర ఇంట్లో జరిగే మొదటి ఎంపిక ఇదే. ఇది పదో తరగతిలోనో, పెళ్ళి దగ్గరో జరుగుతుందని మనం అనుకుంటాం.

బడి కమిటీ తల్లులు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఇంకో మాట. మన ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి నలుగురే చేరారని ప్రతి జూన్‌లో హెడ్‌మాస్టరు గారు బాధపడతారు, బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతారు. అప్పటికే ఆలస్యమైపోయింది. నాలుగో ఏట ఎల్‌కేజీలో చేరిన పిల్ల అదే బడిలో యూకేజీ, ఒకటో తరగతి, అట్లా పోతూనే ఉంటుంది. మధ్యలో తీసి సర్కారు బడిలో ఎవరు వేస్తారు? సర్కారు బడి ఖాళీ కావడం అంగన్‌వాడీ చాప మీదే మొదలవుతోంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. కానీ విద్యా హక్కు చట్టం మటుకు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే హక్కు ఇచ్చింది. ఆరేళ్ళ లోపు పిల్లల కోసం ప్రభుత్వం తగిన ఏర్పాట్లు చేయవచ్చు అని 11వ సెక్షన్‌లో రాశారు. చేయవచ్చు అన్నారు, చేయాలి అనలేదు. మూడేళ్ళ పిల్లకి వచ్చింది ఆ ఒక్క మాటే.

ఇక మా టీచరమ్మల దగ్గరికి వస్తాను. ఒక పొద్దున నేను దగ్గరుండి చూసింది చెప్తాను. తొమ్మిదింటికి తాళం తీసింది. ఆయమ్మ ఊడ్చి, నీళ్ళు పట్టి, పొయ్యి వెలిగించింది. టీచరమ్మ ఫోను తీసి పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ తెరిచింది. కేంద్రం తెరిచినట్టు పెట్టాలి, పిల్లల హాజరు పెట్టాలి, ఫొటో తీయాలి. లోపల సిగ్నల్ లేదు. బయట వేపచెట్టు కిందికి పోయి ఫోను పైకెత్తి నిలబడింది. ఆ లోగా ఇద్దరు గర్భిణులు వచ్చారు, బరువు చూడాలి. ఒకామె చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పిండి, బాలామృతం ప్యాకెట్ కోసం వచ్చింది. ముఖ గుర్తింపు లేకుండా ప్యాకెట్ ఇవ్వకూడదు. ఆమె ముఖం ఎండకి ఒకసారి, నీడకి ఒకసారి యాప్‌కి ఆనలేదు. నాలుగో ప్రయత్నంలో పడింది.

లోపల చాప మీద ఒక పిల్లాడు, నాలుగేళ్ళుంటాయి, డబ్బాలో ఉన్న సోడా మూతలన్నీ బోర్లించుకుని కూర్చున్నాడు. ఎర్రవి ఒక వరస పెట్టాడు. పచ్చవి ఒక వరస. ఒక నారింజ రంగు మూత చేతికొచ్చింది. ఎర్ర వరస పక్కన పెట్టాడు, మళ్ళీ తీశాడు, పసుపు వాటి పక్కన పెట్టాడు, అక్కడా నచ్చలేదు. చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. చివరికి రెండు వరసల మధ్యలో దానికొక చోటు చేశాడు. అమ్మా, నలభై ఏళ్ళ ట్రైనింగుల్లో మాకు చెప్పిన ప్రీస్కూల్ విద్య అంటే అదే. అప్పుడు పక్కన కూర్చుని "ఇదెందుకు ఇక్కడ పెట్టావురా నాన్నా?" అని అడిగే మనిషి ఒకరు కావాలి. వాడు తలెత్తి చూశాడు. టీచరమ్మ వేపచెట్టు కింద ఉంది, ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంది.

ఒకే మనిషి పోషకాహారం పంచాలి, బరువులు తూయాలి, ఇళ్ళకి తిరగాలి, టీకాల రోజు ఊరి నర్సు ఏఎన్ఎంతో ఉండాలి, సర్వేలు చేయాలి, చాలాచోట్ల ఓటర్ల జాబితా పని కూడా చేయాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయం మూడేళ్ళ పిల్లది. మిగిలేది ఏమీ ఉండదు. చిన్న ఆవాసాలకి పెట్టిన మినీ కేంద్రాల్లో ఇంకా ఘోరం. ఆయమ్మ కూడా ఉండదు. వంట చేసేదీ టీచరమ్మే, పాట పాడేదీ టీచరమ్మే. తెలంగాణలో మినీ కేంద్రాల్ని మెయిన్ కేంద్రాలుగా మార్చాలని 2023లో నిర్ణయం తీసుకున్నారంటే, ఆ టీచర్లు ఎన్నేళ్ళు అడిగితే వచ్చిందో మాకు తెలుసు.

జీతం సంగతి దాటేయలేను. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు నుంచి నెలకి టీచరుకి 4,500 రూపాయలు, ఆయాకి 2,250 అని లెక్క కట్టింది. దానిపైన రాష్ట్రాలు వేసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో టీచరుకి 11,500, ఆయాకి 7,000 చేశారు. తెలంగాణలో 2021లో 13,650, 7,800 చేశారు. ఆంధ్రాలో మన అక్కచెల్లెళ్ళు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా కదల్లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకి, ఆయాలకి గ్రాట్యుటీ చట్టం, అంటే పని మానేటప్పుడు సర్వీసుని బట్టి డబ్బు ఇవ్వాలనే చట్టం, వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పు చదివిన రోజు నేను ఏడ్చాను. ముప్పై ఏళ్ళు చేసి ఒక దండ, ఒక శాలువాతో ఇంటికి పోయినవాళ్ళని ఎంతమందిని సాగనంపానో. ఒకామె రిటైరైన మర్నాడు కూడా పొద్దున తొమ్మిదింటికి కేంద్రానికి వచ్చి గుమ్మంలో కూర్చుంది, ఇంకెక్కడికి పోవాలో తెలియక.

ఆయమ్మ పోస్టు ఖాళీ అయితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆఫీసు లెక్కలో ఒక చిన్న పోస్టు ఖాళీ. కేంద్రంలో మాత్రం ఆ రోజు నుంచి టీచరు వంటమనిషి అవుతుంది. పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకొచ్చేది ఆయమ్మే కదా, ఆ తీసుకురావడం ఆగిపోతుంది. నా సెక్టారులో ఒక ఆయా పోస్టు ఏడాదిన్నర ఖాళీగా ఉంది. చాప మీద పిల్లలు పదహారు నుంచి ఆరుకి పడిపోయారు. పిల్లలు రావట్లేదని ఆ కేంద్రానికి నోటీసు వచ్చింది. మనిషిని ఇవ్వకుండా పిల్లలు ఎందుకు తగ్గారని అడిగారు.

మిగిలిన పిల్లలు ఎవరో ఇంకా దగ్గరగా చూద్దాం. మన మండలంలో కోయ గూడేలున్నాయి. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక టీచరు, తెలుగింటి అమ్మాయి, చాలా శ్రద్ధ ఉన్న మనిషి, నాతో ఇట్లా అంది: "మేడం, ఈ పాప పొద్దున్నుంచి ఏరు ఏరు అని ఏడుస్తోంది. ఏటి దగ్గరికి పోతానంటోంది, భయమేస్తోంది, తలుపు గొళ్ళెం పెట్టాను." ఆ పాప ఏటికి పోతాననలేదు. కోయలో ఏర్ అంటే నీళ్ళు. మూడేళ్ళ పిల్ల రెండు గంటలుగా దాహమని అడుగుతోంది, మనకి అర్థం కాలేదు. నేను గ్లాసుతో ఇస్తే రెండు గ్లాసులు గటగటా తాగింది. ఆ టీచరు పాపని ఒళ్ళో పెట్టుకుని ఎంత ఏడ్చిందో. ఆమె తప్పు ఏముంది? ఆ భాషలో పది మాటలు కూడా ఎవరూ ఆమెకి నేర్పలేదు.

మన దగ్గర కోయ ఉంది. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామి. తండాల్లో లంబాడీ. శ్రీకాకుళం, మన్యం వైపు సవర, సరిహద్దు ఊళ్ళలో ఒడియా. హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కేంద్రంలో వినపడేది ఇంకొకటి అయితే మూడేళ్ళ పిల్ల ముందు నోరు మూసుకుంటుంది, తర్వాత రావడం మానేస్తుంది. హాజరు తగ్గిందని మనం రాసుకుంటాం. భాష ఏమిటి అనే గడి మన రిజిస్టరులో లేదు.

ఇంకొందరు పిల్లలున్నారు, ఏ రిజిస్టరులోనూ నిలవనివాళ్ళు. మిర్చి కోతలప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. చేను గట్టున గుడిసెలు వేసుకుంటారు. పిల్లలు మిర్చి రాశుల మధ్య ఆడుకుంటూ కళ్ళు నులుముకుంటుంటారు. ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి వస్తారు. వాళ్ళ పేర్లు వాళ్ళ ఊళ్ళో ఉంటాయి, ఇక్కడ ఉండవు. ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పేరు మార్చే వెసులుబాటు ఉంది. కానీ భాష రాని తల్లి, ఫోను లేని తల్లి ఆ మార్పు ఎట్లా అడుగుతుంది? సర్పంచులకి నా విన్నపం ఏమిటంటే, మీ పంచాయతీలో చేను గట్టున ఉన్న పిల్లలు కూడా ఆ నాలుగు నెలలు మీ పిల్లలే. టీచరమ్మకి ఎవరో ఒకరు తోడుగా పోయి ఆ గుడిసెల్లో పేర్లు రాయించండి.

ఈ పిల్లలకి ఇది ఎంత అవసరమో ఒక్క లెక్క చాలు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ లోపు వాళ్ళలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకెలు 31, 63.

"పిల్లలు పుట్టడమే తగ్గిపోయింది, ఇక కేంద్రాలు ఎందుకు, కలిపేయండి" అనే మాట ఈ మధ్య వినపడుతోంది. తగ్గిన మాట నిజం. అదే సర్వేలో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు తెలంగాణలో 1.8, ఆంధ్రాలో 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 ఉండాలి. కానీ కేంద్రాలు కలిపితే మూడేళ్ళ పిల్ల రెండు కిలోమీటర్లు నడిచిరాదు. గూడెం పిల్ల అసలు రాదు. పిల్లలు తగ్గడం మనకి దొరికిన అవకాశం అని నేనంటాను. ఉన్న పిల్లలకి ఇన్నాళ్ళూ ఇవ్వలేనిది ఇప్పుడు ఇవ్వచ్చు. ఇంకొక మనిషిని.

2012లో ఐసీడీఎస్‌ని మార్చి రాసినప్పుడు, పోషకాహార లోపం ఎక్కువున్న 200 జిల్లాల్లో కేంద్రానికి రెండో వర్కరు అని పెట్టారు. నా సెక్టారులో ఏ కేంద్రానికీ ఆ రెండో మనిషి రాలేదు. తమిళనాడులో మాత్రం దీన్ని పరీక్షించి చూశారు. కార్తీక్ మురళీధరన్, ఇంకొందరు ఆర్థికవేత్తలు చేసిన పని అది. కొన్ని అంగన్‌వాడీల్లో ప్రీస్కూల్ కోసమే సగం రోజు పనిచేసే ఒక మనిషిని అదనంగా పెట్టారు, కొన్నింటిని ఉన్నట్టే ఉంచారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మనిషిని ఇచ్చిన చోట పిల్లలకి నేర్పే సమయం రెట్టింపయింది. లెక్కలో, భాషలో పిల్లలు బాగా ముందుకెళ్ళారు. ఇంకో సంగతి విని నేను లేచి నిలబడ్డాను: అక్కడ ఎదుగుదల లోపం, తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గాయి. ఒకరు చాప మీద కూర్చుంటే, పాత టీచరుకి బరువులు సరిగ్గా తూయడానికి, ఇళ్ళకి వెళ్ళి తల్లులతో మాట్లాడటానికి తీరిక దొరికింది. సగం రోజు మనిషి, అంతే.

అది పైన తేలాల్సిన పని. మీరు గ్రామసభలో తీర్మానం చేసి పంపుతూ ఉండండి, ఒక్కసారి పంపి ఊరుకోవద్దు. ఈ లోగా మన చేతిలో ఉన్నవి రెండు చెప్తాను. పదింటి నుంచి పన్నెండింటి దాకా కేంద్రం పిల్లలది అని పంచాయతీలో నిర్ణయించండి. బరువులు, ప్యాకెట్లు, సంతకాలు పన్నెండు దాటాక. ఆ రెండు గంటలు టీచరమ్మని ఏ మీటింగుకీ, ఏ సర్వేకీ పిలవద్దు, సర్పంచి గారు పిలిచినా సరే. ఇంకోటి, గూడెంలో ఆయా పోస్టు పడినప్పుడు అక్కడి భాష మాట్లాడే ఆడమనిషే రావాలని పట్టుబట్టండి.

ఆ ఏర్ అని ఏడ్చిన పాప గూడెంలో తర్వాత అదే జరిగింది. ఆ పాపకి మేనత్త వరసయ్యే ఒకామె ఆయాగా చేరింది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి కోయలో పిలుచుకుంటూ పిల్లల్ని తోలుకొచ్చేది. తెలుగు పాట టీచరు పాడితే ఆమె పక్కనే కోయలో మళ్ళీ పాడేది. మూడు నెలల తర్వాత నేను వెళ్ళేసరికి చాప చాలక పిల్లలు ఆయమ్మ పరిచిన గోనెసంచుల మీద కూర్చున్నారు. పద్దెనిమిది మందిని లెక్కపెట్టాను. ఆ పాప నా దగ్గరికి గ్లాసు పట్టుకొచ్చి "ఏర్" అంది, కాసేపాగి "నీళ్ళు" అంది.

నేను ఎక్కువ సమయమే తీసుకున్నాను. ఇక మీరు మాట్లాడండి. ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన టీచరమ్మకి మైకు ఇవ్వండి. ఆమె రెండింటికల్లా తిరిగి కేంద్రానికి చేరుకోవాలి.